జెపెలిన్ అయిపోయాక రాబర్ట్ ప్లాంట్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి?

మా ఆఫీసులో ఒక కుర్రాడున్నాడు, పాతికేళ్లుంటాయి. మూడు నెలలుగా లెడ్ జెపెలిన్ అనే పాత ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ తప్ప ఇంకేమీ వినట్లేదు, క్యాబ్‌లో అదే, కోడ్ రాస్తున్నప్పుడూ అదే. మొన్న టీ గ్లాసు పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, ఎనిమిది ఆల్బమ్‌లూ అయిపోయాయి. ఆ పాడేటాయన తర్వాత సొంతంగా కూడా పాడాడంట కదా, అందులో ఏది వినాలి?" అన్నాడు.

"నీకేది కావాలి?"

"ఏముందన్నా, మంచిది."

మంచివి అరడజను ఉన్నాయి, అదే చిక్కు. ఒకటి విన్నవాడికి ఇంకోటి వినిపిస్తే ఇద్దరూ ఒకే మనిషంటే నమ్మరు. తప్పు ఆల్బమ్‌తో మొదలుపెట్టి "ఈయన పనైపోయింది" అని వదిలేసినవాళ్లు నాకు నలుగురైదుగురు తెలుసు, వాళ్లలో నేనూ ఒకణ్ని, కాకపోతే పదేళ్ల తర్వాత మళ్లీ వెనక్కొచ్చాను. ఆ కుర్రాడికి క్యాంటీన్‌లో చెప్పినదే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

లెక్క ఒకసారి చూడండి. ఆ పాడేటాయన, అంటే రాబర్ట్ ప్లాంట్, 1948లో పుట్టాడు, ఇంగ్లండ్ నడిమధ్య, బర్మింగ్‌హామ్ పక్కన. 1968లో జెపెలిన్‌లో చేరేసరికి ఇరవై ఏళ్లు. 1980 సెప్టెంబర్ 25న డ్రమ్మర్ జాన్ బోనమ్ చనిపోయాడు, డిసెంబర్‌లో మిగతా ముగ్గురూ ఇక బ్యాండ్ లేదని ప్రకటించారు. అంటే బ్యాండ్‌లో 12 ఏళ్లు, ఆ తర్వాత సొంతంగా 40 ఏళ్ల పైన. మనం మాత్రం ఆ 12 ఏళ్లనే సినిమా అనుకుని, మిగతాదంతా చివర్లో పేర్లు పడే భాగం అనుకుంటాం.

ఇంకో సంగతి మన అలవాటుకి సంబంధించింది. మనకు గాయకుడంటే సినిమాకి గొంతిచ్చే మనిషి. బాలు గారు ఇళయరాజాకి పాడినా, కీరవాణికి పాడినా బాలు గారే, సంగీత దర్శకుడు మారాడని ఆయన కెరీర్ తెగిపోయి మళ్లీ మొదలవదు. రాక్ బ్యాండ్‌లో అలా కుదరదు. అక్కడ పాట నలుగురి మధ్య రాజుకుంటుంది, ఒకడు పోతే ఆ మంట ఆరిపోతుంది. పైగా బోనమ్ ప్లాంట్‌కి ఆఫీసు కొలీగ్ లాంటివాడు కాదు, ఇద్దరిదీ ఒకే ప్రాంతం, జెపెలిన్‌కి ముందే బ్యాండ్ ఆఫ్ జాయ్ అనే చిన్న బ్యాండ్‌లో కలిసి వాయించారు. అందుకని 1980 తర్వాత ప్లాంట్ ముందున్న మొదటి ప్రశ్న ఏం పాడాలన్నది కాదేమో, వెనకాల డ్రమ్స్ మీద ఎవరు కూర్చుంటారన్నదే అనిపిస్తుంది నాకు.

సరే, మీరు ఎక్కడ మొదలుపెట్టాలో తేలాలంటే జెపెలిన్‌లో మీకు నచ్చింది ఏమిటో ముందు మీరే తేల్చుకోవాలి. జిమ్మీ పేజ్ గిటార్ అయితే, సారీ, అది ఇక్కడ దొరకదు, ఒకటి రెండు చోట్ల తప్ప. ఆ పైస్థాయి కేక అయితే, అది కూడా పెద్దగా దొరకదు, అసలు 1973 తర్వాతి జెపెలిన్ లైవ్ రికార్డింగుల్లోనే ఆ పై స్థాయి తగ్గడం తెలిసిపోతుంది. మూడో ఆల్బమ్‌లోని అకౌస్టిక్ పాటలు ఇష్టమా, లేక 'కాశ్మీర్' పాట లాంటి తూర్పు వాసన ఇష్టమా, అప్పుడు మీకు పండగే. మొత్తం సోలో కెరీర్ ఆ రెండు దారుల్లోనే నడిచింది, మధ్యలో ఎనభైల సింథసైజర్ సందులో కొంచెం దారి తప్పి.

ఎనభైల నుంచి ఒక్కటే తీసుకోవాలంటే

పోటీ మూడింటి మధ్య: 1982 నాటి 'పిక్చర్స్ ఎట్ ఇలెవెన్', 1983 నాటి 'ద ప్రిన్సిపుల్ ఆఫ్ మూమెంట్స్', 1988 నాటి 'నౌ అండ్ జెన్'.

మొదటిది వింటే ఒక మనిషి జాగ్రత్తగా అడుగులేస్తున్నట్టు ఉంటుంది. గిటార్ రాబీ బ్లంట్, పేజ్‌ని అనుకరించే పని అస్సలు పెట్టుకోలేదు. డ్రమ్స్ ఎక్కువ పాటలకు ఫిల్ కాలిన్స్, రెండు పాటలకు కోజీ పవెల్. కాలిన్స్ అప్పటికి జెనెసిస్ అనే బ్యాండ్‌లో పాడుతున్నవాడు, సోలోగా కూడా పెద్ద హిట్ కొట్టినవాడు, అయినా వచ్చి వెనకాల కూర్చుని డ్రమ్స్ వాయించి, 1983లో టూర్‌కి కూడా వెళ్లాడు. పవెల్ వాయించిన 'స్లో డాన్సర్' ఏడు నిమిషాల పైన సాగే పాట, అందులో అరబ్బీ ఛాయ ఒకటి మెల్లిగా పైకి తేలుతుంది, 'కాశ్మీర్' ఇష్టమైనవాళ్లు ముందు దీని దగ్గరికే వెళ్లండి. ఇదే ఆల్బమ్‌లో 'మూన్‌లైట్ ఇన్ సమోసా' అని ఒక పాట ఉంది. నిజంగా. సమోసానే. నేను చెప్తే మా కుర్రాడు నమ్మలేదు.

రెండోది నాకు చాలా ఇష్టం, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే తీసుకోండి. ఇందులో 'బిగ్ లాగ్' అనే పాట ఉంది. అమెరికాలో టాప్ 20 దాకా వచ్చింది, ఇంగ్లండ్‌లో 11వ స్థానం దాకా. నేను దీన్ని మొదటిసారి సరిగ్గా విన్నది విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్న రాత్రి బస్సులో, సూర్యాపేట దాటాక, బస్సంతా నిద్రలో ఉంది, డ్రైవర్ క్యాబిన్‌లో చిన్న బల్బు ఒక్కటే వెలుగుతోంది. డ్రమ్ మెషీన్ టిక్కుటిక్కుమని మొదలవుతుంది, దాని మీద బ్లంట్ గిటార్ ఒక్కొక్క స్వరం వదులుతుంటాడు, అదేదో తొందర లేనివాడిలా, ఆ తర్వాత ప్లాంట్ వస్తాడు, కేక లేదు, దాదాపు మాట్లాడుతున్నట్టే. రోడ్డు మీద బండి నడుపుతూ ఎవరినో మర్చిపోలేకపోతున్న మనిషి పాట అది. అద్దంలోంచి ఎదురొచ్చే లారీల లైట్లు ముఖం మీద పడి పోతుంటే మూడుసార్లు వరసగా విన్నాను. జెపెలిన్‌లో ఈయన దేవుడిలాగా పాడితే, ఇందులో పక్క సీటు ప్రయాణికుడిలా పాడాడు. నాకు ఆ రెండో మనిషే ఎక్కువ నచ్చాడు.

'నౌ అండ్ జెన్' అమ్మకాల్లో పెద్దది, అమెరికాలో మూడుసార్లు ప్లాటినం. అప్పటిదాకా సొంత టూర్లలో జెపెలిన్ పాటలు పాడనని పట్టుబట్టినవాడు, ఇందులో 'టాల్ కూల్ వన్' అనే పాటలోకి పాత జెపెలిన్ ముక్కలనే శాంపిల్ చేసి ఎక్కించాడు, గిటార్‌కి పేజ్‌నే పిలిచాడు. సరదాగా ఉంటుంది. కానీ డ్రమ్ మోతలో, కీబోర్డ్ మెరుపులో 1988 అని పచ్చబొట్టు పొడిచినట్టు ఉంటుంది, ఆ కాలం మీద మోజు ఉంటే తప్ప మొదటి ఆల్బమ్‌గా దీన్ని నేను చెప్పను. 1985 నాటి 'షేకెన్ అండ్ స్టర్డ్' సంగతి అయితే 'లిటిల్ బై లిటిల్' పాట ఒక్కటి విని వదిలేయండి. 1990 నాటి 'మానిక్ నిర్వాణ' మీ దారిలో తగిలితే వినండి, వెతుక్కుంటూ పోవాల్సిన పని లేదు.

మధ్యలో 1984లో హనీడ్రిపర్స్ అని ఒక చిన్న సరదా ఉంది, ఐదే పాటల రికార్డు, పేజ్, జెఫ్ బెక్ లాంటి గిటారిస్టులు వచ్చి వాయించారు, పాత రిథమ్ అండ్ బ్లూస్ పాటలు. అందులో 'సీ ఆఫ్ లవ్' అమెరికాలో మూడో స్థానానికి వెళ్లింది. విచిత్రం ఏమిటంటే ఈ ప్రేమ పాటే అక్కడి సింగిల్స్ చార్టులో ఆయన సోలో పాటలన్నిటికంటే పైకెక్కింది. మీ ఇంట్లో అమ్మానాన్నల ముందు పెట్టుకోగలిగిన ప్లాంట్ ఇదొక్కటే.

కాబట్టి ఎనభైల నుంచి ఒక్కటంటే 'ప్రిన్సిపుల్ ఆఫ్ మూమెంట్స్'. గిటార్ పిచ్చి ఉన్నవాళ్లయితే 'పిక్చర్స్ ఎట్ ఇలెవెన్'. మొత్తం ఎనిమిదేసి పాటలే, వీకెండ్‌లో రెండూ అయిపోతాయి.

1993, 1994: సొంత గొంతా, పాత స్నేహితుడా

ఇక్కడ ఎంపిక కష్టం. 'ఫేట్ ఆఫ్ నేషన్స్' 1993లో వచ్చింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది పేజ్‌తో కలిసి 'నో క్వార్టర్' చేశాడు, దాన్ని ప్రపంచమంతా పట్టించుకుంది.

'నో క్వార్టర్' పాత జెపెలిన్ పాటలే, కానీ చాలావాటిని విప్పి మళ్లీ కుట్టారు. మొరాకోలో మారకేష్ వీధి కళాకారులతో కొన్ని కొత్తవి రికార్డు చేశారు, 'కాశ్మీర్' పాటకు ఈజిప్టు వాద్యబృందం వచ్చింది. ఆ పాట మాటలు ప్లాంట్ రాసింది కాశ్మీర్ చూసి కాదు, దక్షిణ మొరాకో ఎడారి రోడ్డు మీద కారులో పోతూ. అందుకే ఆ బృందంతో వింటే అది ఇన్నాళ్లకు ఇంటికి చేరినట్టు ఉంటుంది. 'ద బాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్' పాటలో మొదట శాండీ డెన్నీ అనే ఇంగ్లీషు జానపద గాయని పాడిన భాగాన్ని ఇక్కడ నజ్మా అఖ్తర్ పాడింది, ఇంగ్లండ్‌లో పుట్టిన భారత సంతతి గాయని, గజల్ పాడే గొంతు. మన చెవికి ఆ గమకాలు వెంటనే పట్టుబడతాయి. ఇది వాళ్లకు హఠాత్తుగా పుట్టిన మోజు కూడా కాదు, 1972లోనే పేజ్, ప్లాంట్ ఇద్దరూ బొంబాయిలో ఆగి అక్కడి వాద్యకారులతో రెండు జెపెలిన్ పాటలు రికార్డు చేసి చూశారు, ఆ టేపులు అధికారికంగా బయటికి రావడానికి 2015 దాకా పట్టింది.

కానీ నన్నడిగితే, ముందు 'ఫేట్ ఆఫ్ నేషన్స్' వినండి. కారణం ఒకటే పాట, 'ఐ బిలీవ్'. 1977లో ప్లాంట్ కొడుకు కారక్ ఐదేళ్ల వయసులో జబ్బుచేసి చనిపోయాడు, అప్పుడు తండ్రి అమెరికాలో టూర్‌లో ఉన్నాడు. జెపెలిన్ చివరి రోజుల్లో ఆ పిల్లాడి కోసం ఒక పాట చేశారు, అది అందరికీ తెలుసు. 'ఐ బిలీవ్' మాత్రం 16 ఏళ్ల తర్వాత రాసింది. ఏడుపు పాట కాదు, వింటే దాదాపు హుషారుగా ఉంటుంది, కొంచెం పాప్ పాటలాగా, తెలియకపోతే కారులో చిటికెలు వేసుకుంటూ వినేస్తారు. అన్నేళ్లు మోసిన దుఃఖం అలాగే ఉంటుందనుకుంటా, పైకి మామూలుగా కనిపిస్తూ. తెలిశాక రెండోసారి వింటే మాత్రం చిటికెలు ఆగిపోతాయి.

పేజ్ ప్లాంట్ ఇద్దరూ 1998లో 'వాకింగ్ ఇన్‌టు క్లార్క్స్‌డేల్' అని ఇంకో ఆల్బమ్ కూడా చేశారు, అన్నీ కొత్త పాటలు. పొడిపొడిగా ఉంటుంది, నాకు పూర్తిగా ఎక్కలేదు. అందులో 'ప్లీజ్ రీడ్ ద లెటర్' అనే పాట ఒకటి గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

అసలు పోటీ: 'రైజింగ్ శాండ్' వర్సెస్ 'మైటీ రీఅరేంజర్'

ఎవరైనా నన్ను ఒక్కటే చెప్పమంటే ఈ రెండింటి దగ్గరే ఆగిపోతాను. రెండేళ్ల తేడాతో వచ్చాయి, 2005లో ఒకటి, 2007లో ఒకటి, ఒకదానికొకటి ఉత్తరం దక్షిణం.

'మైటీ రీఅరేంజర్' వెనక ఎడారి ఉంది. 2003 జనవరిలో ప్లాంట్ మాలి దేశంలో టింబక్టు దగ్గరి ఎస్సకాన్ అనే చోట, ఇసుకలో జరిగే సంగీత ఉత్సవానికి వెళ్లి పాడాడు. వెంట గిటారిస్టు జస్టిన్ ఆడమ్స్, సహారా గిటార్ బృందం తినారివెన్ మొదటి ఆల్బమ్‌కి పనిచేసినవాడు. ఆ యాత్ర ఈ ఆల్బమ్ నిండా పరుచుకుని ఉంది. గిటార్ ఒకే చోట గిర్రున తిరుగుతూ ఉంటుంది, డప్పు దరువు లాంటి తాళం, పైన ప్లాంట్ గొంతు. మన ఊళ్లలో జాతర రాత్రి దూరం నుంచి వినిపించే మోత గుర్తుందా, మెల్లగా మనిషిని ఊపేది, అలాంటి ఊపు. 'షైన్ ఇట్ ఆల్ అరౌండ్' తేలిగ్గా ఎక్కుతుంది. 'టిన్ పాన్ వ్యాలీ' పాటలో పాత పేరు మీద బతికేస్తున్న తన తోటివాళ్లని సన్నగా, గొంతు పెంచకుండా దెప్పుతూ మొదలెడతాడు, మీరు ఇయర్‌ఫోన్స్ సౌండ్ పెంచుకుంటారు, అప్పుడు ఒక్కసారిగా మీద పడతాడు. నేను లోకల్ ట్రైన్‌లో ఉలిక్కిపడ్డాను, పక్కాయన "ఏమైంది బాబూ" అన్నాడు. జెపెలిన్ బరువు కావాలి కానీ జెపెలిన్ వద్దు అనుకునేవాళ్లకి ఇంతకు మించింది లేదు.

'రైజింగ్ శాండ్' ఇంకో లోకం. ఆలిసన్ క్రాస్ బ్లూగ్రాస్ అనే అమెరికా జానపద శైలి గాయని, ఫిడేలు వాయిస్తుంది, గొంతు పాలమీగడ. ఇద్దరూ మొదట కలిసి పాడింది 2004లో, క్లీవ్‌లాండ్‌లో ఒక పాత బ్లూస్ గాయకుడి స్మారక కార్యక్రమంలో. టీ బోన్ బర్నెట్ ప్రొడ్యూసర్. దాదాపు అన్నీ వేరేవాళ్ల పాత పాటలే, ఎంచుకున్న తీరు గొప్పది. ఇందులో ప్లాంట్ చేసిన పని ఏమిటంటే, తగ్గాడు. జెపెలిన్‌లో మైకు ముందు ఈయనొక్కడే రాజు, గిటార్‌తో పోటీపడి అరవడం తెలుసు కానీ పక్కన ఇంకో గొంతుకు ఒదిగి పాడే పని అంతగా పడలేదు. ఇక్కడ చాలా పాటల్లో ఆమె గొంతు అంచు పట్టుకుని నడుస్తాడు. 'కిల్లింగ్ ద బ్లూస్' వినండి, ఇద్దరూ ఒకే ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది, ఎవరు పైన ఎవరు కింద అని వెతకబోతే చెవికి దొరకదు. ఇందాక చెప్పిన 'ప్లీజ్ రీడ్ ద లెటర్' ఇక్కడ మళ్లీ పాడారు, 1998లో పొడిగా అనిపించిన పాట నెమ్మదించి కన్నీళ్ల దాకా వచ్చింది. దానికే రికార్డ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ వచ్చింది, 2009లో. ఆల్బమ్‌కి ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్. ఆ రాత్రి మొత్తం ఐదు గ్రామీలు.

దీని తేదీ కూడా చూడండి. ఆల్బమ్ 2007 అక్టోబర్‌లో వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 10న లండన్‌లో జెపెలిన్ ఒక్క రాత్రికి మళ్లీ కలిసింది, డ్రమ్స్ మీద బోనమ్ కొడుకు జేసన్. టికెట్ల కోసం రెండు కోట్ల దాకా దరఖాస్తులొచ్చాయని అప్పట్లో చెప్పుకున్నారు. మిగతావాళ్లు టూర్‌కి సిద్ధం, లోకం సిద్ధం, డబ్బు సంగతి చెప్పక్కర్లేదు. ఈయన వెళ్లలేదు. 2008లో క్రాస్‌తో కలిసి టూర్‌కి వెళ్లాడు. అప్పట్లో నేను కూడా తిట్టుకున్నాను, దాచడమెందుకు. ఇప్పుడు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి వింటే, ఇంట్లో పండుతున్న చేను ఉండగా తాతగారి కొట్టులో పాత ధాన్యం ఎందుకు అనుకుని ఉంటాడనిపిస్తుంది.

మరి ఏది? మెలొడీ మనిషి అయితే, రాత్రిపూట వినేవాడైతే, ఇంట్లో ఇంకొకరితో కలిసి వినాలనుకుంటే 'రైజింగ్ శాండ్'. జిమ్, ట్రాఫిక్, లేదా జెపెలిన్ మత్తు ఇంకా దిగనివాళ్లయితే 'మైటీ రీఅరేంజర్'. మా కుర్రాడికి రెండోది చెప్పాను. మా ఆవిడకి మొదటిది పెట్టాను, ఆవిడ సగం విని "ఈ ఇద్దరూ మొగుడూపెళ్లాలా?" అని అడిగింది. కాదన్నాను. "మరి అంత బాగా ఎలా కుదిరింది?" అంది, నా వైపు అదోలా చూస్తూ.

ఒక చిన్న హెచ్చరిక. 'రైజింగ్ శాండ్' ఫోన్ స్పీకర్లో వినకండి. ఆ ఆల్బమ్ ప్రాణమంతా కింద మూలిగే బేస్‌లోనూ, దూరంగా కొట్టినట్టుండే డ్రమ్స్‌లోనూ ఉంది, ఫోన్‌లో అది మొత్తం మాయమై ఇద్దరు మనుషులు గుసగుసలాడుకుంటున్నట్టు మిగులుతుంది. మంచి ఇయర్‌ఫోన్స్ చాలు. ఎల్పీ కొనాలనే ఆవేశం వస్తే మాత్రం తిరిగిచ్చే షరతులు చదివి కొనండి. నేను ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించుకుంటే కాల్చిన అప్పడంలా వంగిపోయి వచ్చింది, సూది దాని మీద పడవలా ఊగుతూ పోయేది, వాళ్లకు ఫోటోలు పంపి, వీడియో పంపి, చివరికి డబ్బులు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది.

ఆ తర్వాతవి

'రైజ్ ద రూఫ్' 2021లో వచ్చింది, మళ్లీ క్రాస్, మళ్లీ బర్నెట్, 14 ఏళ్ల తర్వాత. బాగుంటుంది, ఎంత బాగుంటుందంటే మొదటిది లేకపోతే దీన్నే పొగిడేవాళ్లం. మొదటిది ఉంది కదా. కాబట్టి అది అరిగిపోయేదాకా విన్నాకే దీని దగ్గరికి రండి. 2010 నాటి 'బ్యాండ్ ఆఫ్ జాయ్' కూడా అమెరికా మట్టి వాసన ఉన్నదే, అక్కడి సంగీతకారులు బడ్డీ మిల్లర్, ప్యాటీ గ్రిఫిన్ ఉన్నారు, పేరు చూశారుగా, బోనమ్‌తో కలిసి కుర్రతనంలో వాయించిన ఆ బ్యాండ్ పేరే పెట్టుకున్నాడు. 'ఏంజెల్ డాన్స్' పాటతో తలుపు తెరుచుకుంటుంది. 'మైటీ రీఅరేంజర్'కి ముందొచ్చిన 'డ్రీమ్‌ల్యాండ్' ఎక్కువగా వేరేవాళ్ల పాటలు, 'సాంగ్ టు ద సైరెన్' ఒక్కటి చాలు నాకు.

వీటన్నిటిలో జనం తక్కువ విన్నదీ, నేను ఎక్కువ గొడవపడి వినిపించేదీ 2014 నాటి 'లల్లబై అండ్ ద సీస్‌లెస్ రోర్'. అమెరికాలో కొన్నాళ్లుండి ఇంగ్లండ్ తిరిగొచ్చాక చేసింది. 'మైటీ రీఅరేంజర్' ఎడారీ, 'రైజింగ్ శాండ్' నెమ్మదీ రెండూ ఇందులో ఒకే గిన్నెలో కలిశాయి. గాంబియా దేశపు జుల్డే కమారా రిట్టీ అనే వాద్యం వాయిస్తాడు, మన ఏక్‌తారలాగా ఒకే తీగ, కాకపోతే కమానుతో వాయిస్తారు. 'లిటిల్ మ్యాగీ' అమెరికా కొండప్రాంతపు జానపద పాట, దానికి బాంజో పక్కన ఈ ఒంటితీగ ఆఫ్రికా ఫిడేలు గీరుతుంటే, ఆ పాట అట్లాంటిక్‌కి ఏ ఒడ్డున పుట్టిందో తెలియనంతగా కలిసిపోతుంది. ప్లాంట్ గొంతు అప్పటికి 66 ఏళ్లది. పైకి వెళ్లడానికి ప్రయత్నించడు. ఉన్న నాలుగు మెట్ల మీదే తిరుగుతాడు, ఒక్కో మెట్టు మీద ఎంతసేపు నిలబడాలో తెలిసినవాడిలా.

2017 నాటి 'క్యారీ ఫైర్' దాని తమ్ముడు, అన్న నచ్చితే తమ్ముడూ నచ్చుతాడు. 2025 సెప్టెంబర్‌లో 'సేవింగ్ గ్రేస్' వచ్చింది, ప్లాంట్‌కి 77 ఏళ్లు. సూజీ డయన్ అనే గాయనితో, తన ప్రాంతం చుట్టుపక్కల వాద్యకారులతో, ఆల్బమ్ అనే మాటే లేకుండా కొన్నేళ్లు చిన్న చిన్న హాళ్లలో పాడుకుంటూ తిరిగి, ఆ తర్వాత తీరిగ్గా రికార్డు చేశారు. బాంజో, చెల్లో, అకార్డియన్. దీన్ని మొదటిదిగా వినొద్దు. ఈ మనిషి ఎక్కడి నుంచి నడిచొచ్చాడో తెలిశాక వింటే దాని రుచి వేరు.

ఆల్బమ్ మొత్తం వినే ఓపిక లేనివాళ్లకి కలగూరగంప కూడా ఉంది, 2003 నాటి 'సిక్స్టీ సిక్స్ టు టింబక్టు', రెండు డిస్కులు. రెండో డిస్కు సరదాగా ఉంటుంది, జెపెలిన్ పుట్టకముందు 1966లో 18 ఏళ్ల కుర్రాడిగా పాడిన సింగిల్‌తో మొదలై మాలి ఎడారిలో పాడిన పాటతో ముగుస్తుంది. అందులో మొదటి పాట, చివరి పాట వెంట వెంటనే పెట్టుకుని వినండి, కొద్ది నిమిషాల పని. కాకపోతే అది 2003 దగ్గర ఆగిపోతుంది, అంటే క్రాస్ ఉండదు, 'మైటీ రీఅరేంజర్' ఉండదు, నేను ఇందాకటి నుంచి గొంతు చించుకుంటున్నవి సగం ఉండవు.

ఇదంతా మా కుర్రాడికి చెప్పి, "ముందు 'మైటీ రీఅరేంజర్', తర్వాత 'రైజింగ్ శాండ్', తర్వాత వెనక్కెళ్లి 'ప్రిన్సిపుల్ ఆఫ్ మూమెంట్స్', వరస తప్పకు" అని ఫోన్‌లో నోట్ కూడా రాయించాను. బుద్ధిగా తలూపాడు. రాత్రి పదకొండున్నరకి మెసేజ్ వచ్చింది.

"అన్నా, సమోసా పాట నిజంగానే ఉంది. నాలుగోసారి వింటున్నా."